కడబంతి

శ్రీనగర్ కాలనీ నుంచి ఫిల్మ్‌నగర్ రావడానికి ఎంతసేపు కావాలి గనక, మధ్యలో ఉన్నదల్లా ఒక చెక్‌పోస్టూ నాలుగు బండలూ, అనుకుంటూ త్రినాథరావు వరండా పిట్టగోడ మీది ప్రమిదల్లో మళ్ళీ నూనె పోశాడు. గాలికి రెండు ఆరిపోయాయి. ఆరితే ఆరాయి, కారు మలుపు తిరిగాక వెలిగించుకోవచ్చు, చూసేవాళ్ళు లేని దీపం ఎందుకు, అనుకుని వెంటనే నాలిక కరుచుకున్నాడు, ఎందుకంటే అది లక్ష్మీదేవి కోసం పెట్టిన దీపం గాని షాటు కోసం పెట్టింది కాదు. సినిమా కంపెనీలో భోజనాలు చూసే పాతికేళ్ళ ప్రొడక్షన్ మేనేజరు బుద్ధి ఎక్కడికి పోతుంది. కారు కంపెనీది, డ్రైవరూ కంపెనీవాడే, వాడు పండగపూట యూసుఫ్‌గూడలో సొంత ఇంటి ముందు ఆపి పిల్లల చేత నాలుగు మతాబులు కాల్పించనిదే కదలడు, ఆ సంగతి తెలిసే వాణ్ణి బాగా ముందు పంపాడు, అయినా ఆలస్యం చేశాడు, చచ్చు వెధవ. ఎదుటి గుట్ట మీద సగం కట్టిన మేడలో వాచ్‌మన్ పిల్లలు ఒక్కొక్క టపాకాయనే దాచి దాచి కాలుస్తున్నారు. అవతల జూబ్లీహిల్స్ వైపు, ఎవరో పెద్ద హీరో ఇంట్లో కాబోలు, ఆకాశం మొత్తం వాళ్ళదే అన్నట్టు తారాజువ్వలు. ఇంతకీ వస్తున్నది ఎవరు? తన కూతురూ, అల్లుడూ, అక్కా, బావా. ఊటీ కొండ మీద, వానలో, కట్టెలు తడిసిపోయిన పూట యూనిట్ మొత్తానికి వేడన్నం పెట్టిన మనిషికి నలుగురు ఒక లెక్కా? లెక్క కాదు. మరి పొద్దుటి నుంచీ అరచేతులు ఎందుకు చెమట పడుతున్నాయో ఆయనకే అంతుపట్టలేదు.

లోపలి నుంచి నేతి వాసన వచ్చింది, దాని వెనకే కొమురమ్మ గొంతూ వచ్చింది. రహమత్ నగర్ మనిషి కొమురమ్మ, కంపెనీ మెస్సులో కూరలు తరుగుతుంది, ఈ పూటకి సాయం రమ్మంటే తన ఇంట్లో దీపాలు పెట్టుకుని మరీ వచ్చింది.

"ఏంది సారూ గిన్ని బూరెలు? బస్తీ మొత్తానికి దావత్ ఇస్తున్నవా?"

"నలుగురికే కొమురమ్మా."

"నలుగురు మనుషులా, నాలుగు లారీల మందా? జర చూస్కొని కలపొద్దా పిండి!"

ఆయన నవ్వేశాడు. చేతికి చిన్న కొలత రాదు, ఏం చేస్తాడు. నలుగురికి పప్పు అంటే ఎంత పోయాలో తెలిసిన మనిషి భార్య రాజ్యలక్ష్మి, ఆవిడ పోయిన తరవాత ఇంట్లో పొయ్యి వెలిగించింది కాఫీకే. మద్రాసులో ఉన్నన్నాళ్ళూ కోడంబాకంలో గది, కంపెనీలో తిండి. పరిశ్రమ కొంచెం కొంచెంగా ఇటు తరలివస్తే గుండిగలూ గంగాళాలూ లారీకెక్కించి వాటితో పాటు తనూ వచ్చాడు, ఇక్కడా గది, ఇక్కడా కంపెనీ తిండి. ఈ రెండు గదుల వాటా తీసుకుని ఇంకా కొత్త సున్నం వాసన పోలేదు. మొన్న అక్కకి ఫోను చేసి, అల్లుడుగారు కారం ఎంత తింటారు, పెరుగు తియ్యగా ఉండాలా కాస్త పులిసినా పరవాలేదా, నెయ్యి వేడిగా పోస్తే ఇష్టమేనా, దప్పళంలో గుమ్మడికాయ పడుతుందా, అని ఒకటే అడగడం, పెద్ద ఆర్టిస్టు మొదటి రోజు షూటింగుకి వచ్చేముందు వాళ్ళ మేకప్ మనిషిని పక్కకి పిలిచి అడిగే పద్ధతిలోనే అడిగాడు. అక్క అన్నీ చెప్పింది. చెప్పి, "ఇంకేం అడగవా?" అంది. ఇంకేం ఉంది అడగడానికి, అని ఫోను పెట్టేశాడు. ఆ మాట ఇప్పుడు ఎందుకు గుర్తొచ్చింది? పులిహోరలో ఇంగువ వేసిందా లేదా కొమురమ్మ, అది చూడాలి.

రాజ్యలక్ష్మి పోయేనాటికి పిల్ల ఇంకా బడికి కొత్త. కామెర్లు ముదిరి పోయింది, నాటు మందుతో తగ్గుతుందని ఆవిడా, డాక్టరుకి చూపించమని ఉత్తరం రాస్తూ తనూ, ఆ రాతకోతల్లోనే అయిపోయింది. పిల్లకి తన తల్లి పేరే పెట్టుకున్నాడు, బాలాత్రిపురసుందరి, పిలిచేది త్రిపుర. పిల్లలు లేని శేషారత్నం అక్క పదో రోజే పిల్ల బట్టలు సర్దేసింది. "నీ తిరుగుళ్ళలో దీన్నెక్కడ పెట్టుకుంటావురా, లారీలో గిన్నెల పక్కనా?" అంది. కాదనడానికి ఏముంది, నిజమే కదా. బావ పట్టాభిరామయ్యది సెక్రటేరియట్‌లో గుమాస్తా ఉద్యోగం, సాయంత్రం ఇంటికి చేరే మనిషి, అటువంటి మనిషి ఉన్న ఇల్లే పిల్లకి ఇల్లు. త్రినాథరావుకి దుఃఖం వచ్చిందా? వచ్చే ఉంటుంది. ఆ వారమే రాజమండ్రి దగ్గర అవుట్‌డోర్ షూటింగు ఉండటం మాత్రం బాగా గుర్తు, గోదావరి ఒడ్డున టెంటు ఎగిరిపోతే సాంబారులో ఇసక పడింది, మొత్తం పారబోసి మళ్ళీ కాయించాడు, హీరో క్యారియర్ మాత్రం టైముకి వెళ్ళింది. పెళ్ళాం పోయిన మనిషి అని ఎవరో అంటే డైరెక్టరుగారు చూసి, "అయితే మరీ మెచ్చుకోవాలయ్యా" అన్నారు. ఆ మెప్పు నాకొద్దు అని అప్పుడు అనిపించలేదు. ఇప్పుడు అనిపిస్తోందా అంటే, ఏమో, కారు చప్పుడేనా అది? కాదు, స్కూటరు.

పెళ్ళి మొన్న వైశాఖంలో అయింది. భార్య లేనివాడు కన్యాదానానికి పీటల మీద కూర్చోకూడదు గనక అక్కా బావా కూర్చున్నారు, కాళ్ళు వాళ్ళే కడిగారు, శుభలేఖలో కింద ఎక్కడో తన పేరు. దానికి ఆయనేం నొచ్చుకోలేదు, ఒట్టు. ఎవరి డిపార్ట్‌మెంటు వాళ్ళది. ఆయన డిపార్ట్‌మెంటు వెనక షామియానాలో ఉంది, పొయ్యిలూ, గుండిగలూ, ఆకులు కడిగేవాళ్ళూ. మంగళవాద్యం జోరందుకునేసరికి సాంబారు దగ్గర ఉన్నాడు, అరే ముహూర్తం అనుకుని గరిటె ఎవరి చేతిలోనో పెట్టి పరిగెత్తేసరికి జీలకర్ర బెల్లం అయిపోయింది, తెర తీసేశారు, పిల్ల తలవంచుకుని ఉంది, ముఖం కనపడలేదు. భోజనాలు మాత్రం అద్భుతం అని మగపెళ్ళివారు ఇప్పటికీ చెప్పుకుంటారట. అప్పగింతలప్పుడు త్రిపుర అత్తయ్యను కావిలించుకుని వెక్కి వెక్కి ఏడ్చింది, బావ కండువా తడిపేసింది, చివర తన దగ్గరికొచ్చి మామూలుగా నిలబడి, "వెళ్ళొస్తా నాన్నా. నువ్వు తిన్నావా?" అంది. "మన తిండికేముందమ్మా, అందరివీ కానీ" అన్నాడు. తలూపి వెళ్ళిపోయింది. బస్సు కదిలాక చూసుకుంటే తన చొక్కా పొడిగా ఉంది. ఆ రాత్రి గిన్నెలు లెక్కపెట్టించి లారీకెక్కిస్తూ ఎందుకో చొక్కా తడుముకున్నాడు.

కొత్తల్లుడికి తొలి దీపావళి పిల్ల పుట్టింట్లో. ఏది పుట్టిల్లు? ఎవర్నడిగినా శ్రీనగర్ కాలనీ అంటారు, త్రిపురని అడిగినా అంతే అంటుంది. అందుకే వెళ్ళి అక్క ఎదుట కూర్చుని, ఈ ఒక్క పండగా నాకిమ్మని అడిగాడు, ఏ నిర్మాత దగ్గరా అంత నంగిగా అడిగి ఎరగడు. అక్క చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూనే, "తలంటీ హారతీ నేనిస్తాను. రాత్రి భోజనానికి నేనే తీసుకొస్తాను. భోంచేసి మాతో తిరిగొచ్చేస్తుందో, నీ దగ్గర ఉండిపోతుందో అది దాని ఇష్టం. నేను ఉండమనీ అనను, వద్దనీ అనను" అంది. పగలు అక్కది, రాత్రి తనది, ఒకే ఆర్టిస్టు రెండు కంపెనీలకీ కాల్షీటు ఇచ్చినట్టు. పెళ్ళయిన ఆడపిల్ల పండక్కి వచ్చి ఎక్కడ నిద్ర చేస్తుందో పుట్టిల్లు అక్కడే, ఆ మాట ఎవరూ నోరు తెరిచి అనరు గాని అందరికీ తెలిసిందే. లోపలి గదిలో పందిరి మంచం వేయించాడు, కొత్త దుప్పటీ, అద్దం, అద్దం దగ్గర దువ్వెనా, బొట్టు పెట్టుకోవడానికి కుంకుమ భరిణా. సాయంత్రం ఒకసారి తలుపు తీసి చూస్తే అంతా సరిగ్గానే ఉంది, సరిగ్గా ఉండటమే ఎబ్బెట్టుగా ఉంది, ఎవరూ పడుకోని గదికి సెట్టు వాలకం తప్పదు. మంచం మీద తనే కాసేపు కూర్చుని లేచాడు, దుప్పటి కాస్త నలిగి బాగుంది. ఉంటుందా? ఉండకపోతే మటుకు ఏమవుతుంది, ఇన్నాళ్ళూ ఉందా ఏమిటి? ఏమీ కాదు. ఏమీ కాదని మళ్ళీ ఒకసారి అనుకున్నాడు. అదిగో కారు.

దీపాలు వెలిగించడం మరిచేపోయాడు. మెట్ల మీద అక్క ఆయాసం, బావ దగ్గు, వాటి వెనక పట్టుచీర చప్పుడు. అల్లుడు సత్యనారాయణమూర్తి వరంగల్లులో కాలేజీ లెక్చరరు, వంగి నమస్కారం పెడుతూ, "పండగపూట మీకు చాలా శ్రమిచ్చాం మావయ్యగారూ" అన్నాడు. త్రిపుర లావయింది కాస్త. లేదా చీర అలా ఉందా. "ఏం నాన్నా, చిక్కిపోయావ్" అంటూ ఆరిన ప్రమిదలు చూసి, చెప్పులు విడిచి, వెలుగుతున్న దీపంతో ఒక్కొక్కటే వెలిగించుకుంటూ అటు చివరిదాకా పోయింది. ఏదో ఒకటి అనాలి, తల్లీ బాగున్నావా అనో, మీ అమ్మ ఇలాగే వెలిగించేదనో. "రండి రండి, వడ్డనకి రెడీ" అన్నాడు, బ్రేక్ చెప్పినప్పుడు అరిచే గొంతుతోనే. ఆ గొంతు వినగానే తన కాళ్ళూ చేతులూ తన స్వాధీనంలోకి వచ్చాయి. హాల్లో చాపలు, చాపల ముందు ఆకులు, ఆకు చివరలు అన్నీ ఎడమకే, గ్లాసులూ నీళ్ళూ, అల్లుడి వైపు తిప్పిన ఫాను. అల్లుణ్ణి నడిమి ఆకు దగ్గర కూర్చోబెట్టాడు, అటు బావ, ఇటు అక్క. బూరె పెట్టి చిల్లు పొడిచి నెయ్యి పోశాడు, పులిహోర, గారె, పప్పు, వంకాయ, ఏది ఆకులో ఏ మూల పడాలో ఆ మూలే పడుతోంది, గరిటె చప్పుడు కావడం లేదు, అల్లుడు వద్దనేలోపు ఇంకో బూరె పడింది. అరచేతుల్లో చెమట ఎప్పుడు ఆరిందో తెలియదు. ఇదే, ఇంతే, ఇందుకా పొద్దుటి నుంచీ బెంగపడ్డాను, అనుకుంటూ ఉండగా కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చిన త్రిపుర మూడు ఆకుల వంకా చూసి అడిగింది.

"నా ఆకేది నాన్నా?"

"నీకేంటమ్మా, నువ్వు మనవాళ్ళు. ముందు వాళ్ళది కానీ, తరవాత నువ్వూ నేనూ తిందాం."

ఇంతకన్నా పెద్ద మాట ఆయన దగ్గర లేదు. ప్రొడక్షన్‌లో మనవాళ్ళంటే చివర తినేవాళ్ళు. హీరోలు తిన్నాక, టెక్నీషియన్లు తిన్నాక, చివరి లైట్‌బాయ్ చెయ్యి కడుక్కున్నాక, గిన్నెలో మిగిలింది మధ్యలో పెట్టుకుని గుండ్రంగా కూర్చునేవాళ్ళు. ఆ బంతిలో కూర్చోవడానికి అందరికీ యోగ్యత ఉండదు. కొత్తగా చేరినవాణ్ణి ఏడాది చూసి, వీడు ఆకలికి ఆగగలడు, వీడు మనవాడే, అనుకున్నాకే రమ్మంటారు. ఆ వరసలోనే కూతుర్ని లెక్కవేసుకున్నాడు గాని ఆకు మరిచిపోయి కాదు. మరిచిపోయి ఉంటే బాగుండేదేమో. అక్క ఆకు ముందునుంచి లేవబోతూ, "రావే, నా ఆకులో కూర్చో, నాకిప్పుడేం ఆకలి లేదు" అంది. అల్లుడు పప్పన్నం కలుపుతున్నవాడు వేళ్ళు ఆపేశాడు. బావ ఒక్కడే నీళ్ళు తాగుతున్నాడు.

"నువ్వుండత్తయ్యా" అంది త్రిపుర. "అక్కడ మా అత్తగారింట్లో కడబంతే నాన్నా. కోడల్ని గనక. ఇక్కడెందుకు?"

గొంతులో కోపం లేదు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది. ఆయనకి అరకు గుర్తొచ్చింది, ఎండాకాలం సెలవలకి పట్టుబట్టి తనతో తీసుకెళ్ళిన ఏడు. ప్యాకప్ అయ్యాక వ్యాన్ వెనక, ఒకే పళ్ళెంలో పెరుగన్నం, మామిడికాయ ముక్క, పిల్ల తల తన తొడ మీద, ముద్ద పెడుతుంటే నోరు తెరిచేది. జీవితంలో అంత బాగా తిన్న అన్నం ఇంకొకటి లేదు. ఎన్ని ఊళ్ళలో ఎన్ని గదుల్లో ఆ పూట తలుచుకుని పడుకున్నాడో.

"అరకులో తిన్నాం గుర్తుందా, మనిద్దరం చివర్న..."

"గుర్తుంది. నువ్వొచ్చేసరికి ఆకలికి నిద్రపోయాను. నిద్రలోనే పెట్టావు." తల పక్కకి తిప్పుకుంది. "అందరివీ కానీ అంటావు. అందరివీ ఎప్పటికవుతాయి? మనవాళ్ళకి ఎప్పుడు పెడతావు నాన్నా?"

వేడి నెయ్యి గిన్నె చేతిలోనే ఉంది, గుడ్డ పలచనై వేళ్ళు కాలుతున్నాయి, కాలనీ. నిద్రలోనే పెట్టావు. అంటే ఆ నోరు తెరవడం నిద్ర. పెరుగన్నం నిజమే, పళ్ళెం నిజమే, తొడ మీద తల నిజమే, అన్నీ నిజమే, ఆకలి ఒక్కటే ఇన్నేళ్ళూ ఆయనకి కనపడలేదు. ఎవరి ఆకలి ఏ వేళకి వస్తుందో తెలియబట్టే బతికాడు, ఫలానా ఆయనకి పదకొండింటికి మజ్జిగ, ఫలానా ఆవిడకి షాటుకి ముందు ఇడ్లీ, అడక్కుండా వెళ్ళేవి. అడక్కుండా వెళ్ళేవి! అక్క ఫోనులో ఇంకేం అడగవా అన్నది కూతురి సంగతి ఒక్కటీ అడగనందుకు. సిగ్గేసింది, ఏడుపు కూడా వచ్చేదేమో గాని దానికంటే ముందు ఇంకో ఆలోచన వచ్చింది, సగంలో బంతి ఆపడం. ప్రొడక్షన్‌లో అంతకన్నా పాపం లేదు. ఆకు ముందు కూర్చున్నవాడి చెయ్యి ఆపితే ఆ కంపెనీకి మళ్ళీ పని దొరకదు. తను ఎన్నడూ ఆపలేదు, భార్య పోయిన వారమూ ఆపలేదు, కూతురి పెళ్ళి ముహూర్తం వేళా ఆపలేదు.

"ఆగండి బాబూ" అన్నాడు అల్లుడితో. "కాస్త ఆగండి. బావా, నువ్వు కాస్త అటు జరుగు."

లోపలికి వెళ్ళి ఆకు కోసి, కడిగి, తుడవడం మరిచిపోయి నీళ్ళు కారుతూ ఉండగానే తెచ్చి అల్లుడి పక్కన పరిచాడు. చాప లేదు. తన మంచం మీది దుప్పటి నాలుగు మడతలు వేసి వేశాడు. త్రిపుర కూర్చుంది. గరిటె పట్టుకుని వంగేసరికి ఏది ఏ మూల వెయ్యాలో తోచలేదు, పప్పు బూరె మీద పడింది, పులిహోర ఆకు దాటింది. అల్లుడి ఆకులో కూర అయిపోయి ఉంది, అటు వెళ్ళలేదు, ముందు కూతురికే వంకాయ వేశాడు. "ఒరేయ్, కొత్తల్లుడు కూర్చుని చూస్తుంటే ముందు దానికేమిట్రా" అంది అక్క, అలవాటు కొద్దీ అంది, అన్నాక కళ్ళు ఒత్తుకుంది. "తెలుసక్కా" అన్నాడు గాని గరిటె అటు తిప్పలేదు. "నాకేం తొందర లేదు మావయ్యగారూ, కానివ్వండి" అన్నాడు అల్లుడు, మంచి పిల్లాడు, ఈ సంగతి ముందే గమనించి ఉండాల్సింది.

తిన్నారు. బావ ప్రతి పదార్థానికీ బ్రహ్మాండం అన్నాడు. అల్లుడు దప్పళం ఎంతో బాగుందన్నాడు. ఆ మాటలు ఆయన చెవులకి అలవాటే, ఏ ఊళ్ళోనైనా అవే, అవి విని పొంగిపోయే వయసు దాటింది. కూతురి నోటి వంక చూస్తూ నిలబడ్డాడు. ఒక మనిషి తింటుంటే అలా నిలబడి చూడటం ఎప్పుడూ చెయ్యలేదు, తరవాతి ఆకుకి పోవడమే పని. పప్పు కలిపింది. మొదటి ముద్ద మింగింది. రెండోది. బాగుందంటే చాలు, అనుకున్నాడు, బాగుందని ఇంటికి వెళ్ళిపోయినా చాలు, చాలకపోయినా చేసేదేం ఉంది. మూడో ముద్ద చేతిలో పెట్టుకుని త్రిపుర ముఖం చిట్లించింది.

"పప్పులో ఉప్పు లేదు నాన్నా. అస్సలు లేదు. రేపు నేను వండుతాలే, నువ్వు పొయ్యి దగ్గరికి రాకు."

అక్క చెయ్యి ఆకు మీద ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది. అల్లుడు భార్య వంక చూసి సరేనన్నట్టు తలూపాడు. త్రినాథరావు ఉప్పు కోసం వంటింట్లోకి వచ్చాడు. వచ్చి, ఉప్పు సంగతి వదిలేసి పొయ్యి గట్టుకి ఆనుకుని నిలబడ్డాడు.

"ఏంది సారూ గట్ల నిలబడ్డవు? ఏం తక్వైంది?" అంది కొమురమ్మ.

"ఉంటుందట" అన్నాడు త్రినాథరావు.